నలభై అయిదు సెకన్ల ఇంగ్లీషు

సంపాదక మహాశయులకు నమస్కారములు.

మీ పత్రిక చెన్నై సంచిక విద్యా పుటలో గత నెల ఒక వ్యాసం వచ్చింది. విదేశాలలో పీజీ చదువుకు వెళ్ళదలచిన మన పిల్లలు, ఇంగ్లీషు ఎంత వచ్చో కొలిచే టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ పరీక్షలకు కనీసం నెల రోజులు కోచింగ్‌లో చేరితే తప్ప గట్టెక్కలేరన్న అభిప్రాయం కలిగించేలా అది ఉంది. ఈ నగరంలో 34 ఏళ్ళు కళాశాల విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసిన తెలుగువాడిగా, ఇప్పటికీ పెరంబూరులో మా చుట్టుపక్కల పిల్లలకు ఈ పరీక్షల విషయంలో తోచిన సాయం చేస్తున్నవాడిగా, ఆ అభిప్రాయం సరికాదని, పైగా దానివల్ల పిల్లలకు నష్టం జరుగుతోందని చెప్పడం నా బాధ్యత అనుకుని ఈ లేఖ రాస్తున్నాను.

అసలు పరీక్షే ఉండకూడదని నేను అనను. "పదహారేళ్ళు ఇంగ్లీషు మీడియంలో చదివిన మా పిల్లకు మళ్ళీ ఇంగ్లీషు పరీక్ష ఏమిటండీ" అని తల్లిదండ్రులు అడిగినప్పుడు వారి బాధ నాకు అర్థమవుతుంది. ఒక్కసారి రాయడానికే 15 వేల రూపాయలకు పైగా అవుతుంది. పీజీ ప్రవేశానికి కొన్ని చోట్ల అడిగే జీఆర్ఈ పరీక్ష కూడా కావాలంటే ఆ ఖర్చు వేరు. జీఆర్ఈ స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది గాని, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్ళకే చెల్లకుండా పోతాయి. ఉద్యోగంలో చేరి డబ్బు కూడబెట్టుకుని మూడో ఏట దరఖాస్తు చేద్దామనుకునే మధ్యతరగతి పిల్లలు ఈ పరీక్షకు రెండుసార్లు ఖర్చు పెట్టుకోవలసిందే. ఇవన్నీ నిజమే. కానీ తరగతి గదిలో ఇంతకాలం నిలబడ్డవాడిగా ఒక మాట దాచలేను. మన ఇంగ్లీషు మీడియంలో పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఉంటుంది. పాఠం మాత్రం సగం తమిళంలో చెబుతాం, జవాబు నోట్సులో ఉన్నది ఉన్నట్టు రాయిస్తాం. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో ఒక విద్యార్థి ఎదుట కాగితం లేకుండా, తనంతట తానుగా రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడిన సందర్భాలు లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్ళు చాలు. విదేశానికి వెళ్ళాక అదే విద్యార్థి సెమినార్‌లో నోరు విప్పి ప్రశ్న అడగాలి, ప్రొఫెసర్ చెప్పింది తనకు ఎందుకు సరి అనిపించలేదో చెప్పగలగాలి, అమెరికాలోనైతే టీచింగ్ అసిస్టెంట్‌గా డిగ్రీ విద్యార్థుల ఎదుట నిలబడి పాఠం కూడా చెప్పవలసి రావచ్చు. కాబట్టి నీవు మాట్లాడగలవా అని ఆ విశ్వవిద్యాలయాలు ముందే అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్నకు మనం పిల్లలను సిద్ధం చేస్తున్న తీరు గురించే నా ఆవేదన.

నిరుడు దీపావళి వెళ్ళిన వారానికి మా వెనక వీధి అమ్మాయి ఒకతె వాళ్ళ నాన్నగారితో కలిసి మా ఇంటికి వచ్చింది. సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసింది. ఇంట్లో తెలుగు, 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో చేరిన పిల్ల కాబట్టి ఒకటో తరగతి నుంచి తమిళం, మిగతా చదువంతా ఇంగ్లీషు. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని చదవడం రాదు. చెన్నై తెలుగు ఇళ్ళలో ఇది మామూలైపోయింది, నాకది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. టోఫెల్‌లో ఆమెకు చదవడంలో 28, వినడంలో 27, రాయడంలో 24 వచ్చాయి. మాట్లాడటంలో మాత్రం 18. మొత్తం 120కి 97. ఆమె కోరుకున్న విశ్వవిద్యాలయం అడిగే మొత్తం కంటే ఇది ఎక్కువే. అయితే ఆమె చేరదలచిన శాఖ మాట్లాడే విభాగానికి విడిగా 22 అడుగుతోంది. 12 వేలు కట్టి నెల రోజులు కోచింగ్‌కు వెళ్ళిన తరువాత వచ్చిన స్కోరు అది.

భోజనాల బల్ల మీద నా ఫోన్‌లో టైమర్ పెట్టి, అప్పటి పరీక్షలో ఉన్నట్టే ఒక ప్రశ్న ఇచ్చాను. ఒంటరిగా చదువుకోవడం మేలా, స్నేహితులతో కలిసి చదువుకోవడం మేలా? ఆలోచించుకోవడానికి 15 సెకన్లు, మాట్లాడటానికి 45 సెకన్లు. ఆమె మొదలుపెట్టింది. ఈ అంశం మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయనీ, అయినా తాను మొదటి దానినే గట్టిగా సమర్థిస్తాననీ, అందుకు రెండు ముఖ్యమైన కారణాలు ఉన్నాయనీ, వాటిని ఇప్పుడు వివరిస్తాననీ ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది. టైమర్ చూశాను. 19 సెకన్లు గడిచిపోయాయి. అంతవరకు ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా ఆమె సొంతం కాదు. మిగిలిన 26 సెకన్లలో రెండు కారణాలనూ ఇరికించబోయి, రెండోది సగంలో ఉండగానే ఆగిపోయింది. గొంతు సైతం ఆమెది కాదు, ఎక్కాలు అప్పజెప్పే పిల్లల గొంతు.

టైమర్ పక్కన పెట్టి, "నీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దేని మీదమ్మా, తెలుగులోనే చెప్పు" అన్నాను. వేళచ్చేరిలో వాన నీరు నిలిచిపోయే వీధుల మీద చేసిందట. 2015 డిసెంబరు వరదల్లో అక్కడ వాళ్ళ పిన్ని ఇంట్లో మెట్ల దాకా నీళ్ళు వచ్చాయట. ఇంత నీరు ఎందుకు పోలేదన్న ప్రశ్న అప్పటినుంచీ మనసులో ఉండిపోయిందట. కాలువ వాలు ఎటు ఉండాలి, నిజానికి ఎటు ఉంది, తూము నోటి దగ్గర చెత్త ఎందుకు పేరుకుంటుంది, పళ్ళికరణై చిత్తడి నేల కుంచించుకుపోతే ఆ నీరు ఎక్కడికి పోవాలి అన్నవన్నీ బల్ల మీద వేలితో గీసి చూపిస్తూ అయిదు నిమిషాలు ఆగకుండా చెప్పింది. వాళ్ళ నాన్నగారు కూడా అంత వివరంగా వినడం అదే మొదటిసారి అనుకుంటాను. "ఇప్పుడు ఇదే ఇంగ్లీషులో చెప్పు" అన్నాను. "దీనికి టెంప్లేట్ లేదు కదా మాస్టారూ" అంది. టెంప్లేట్ అంటే కోచింగ్‌లో బట్టీ పట్టించే మూస జవాబు. లేకపోవడమే మంచిదన్నాను. తడుముకుంటూ చెప్పింది. రెండు చోట్ల క్రియ కాలం తప్పింది. ఒక చోట వాలు అన్నదానికి మాట దొరక్క అరచేయి వంచి చూపించింది. అయినా ఆ రెండు నిమిషాలు విన్నవారెవరైనా, ఈ పిల్లకు విషయం తెలుసు, ఇంగ్లీషులో చెప్పగలదు అనే అంటారు. నెల రోజుల శిక్షణ ఆ పిల్లను బయటికి తీసుకురావలసింది పోయి, కంఠస్థం చేయించిన నాలుగు వాక్యాల వెనక దాచిపెట్టింది.

ఈ టెంప్లేట్ల సంగతి పరీక్ష పెట్టేవారికి తెలియదనుకోవడం పొరపాటు. ఐఈఎల్‌టీఎస్ రాత పరీక్షలో జవాబు పూర్తిగా కంఠస్థం చేసి రాసినదని రుజువైతే సున్నా బ్యాండు, అంటే సున్నా స్కోరు, ఇవ్వాలని వారు బహిరంగంగా ప్రకటించిన కొలమానంలోనే ఉంది. అందులో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు పరీక్షకుడి ఎదుట కూర్చుని జరుగుతుంది. మీరు చెప్పినదాని మీద ఆయన మరో ప్రశ్న వేస్తాడు, అప్పజెప్పిన పాఠం అక్కడితో తెగిపోతుంది. టోఫెల్ వారు 2023 జులైలో పరీక్షను రెండు గంటల లోపుకు కుదించినప్పుడు, ఏళ్ళ తరబడి మన కోచింగ్ సెంటర్లకు ఆధారమైన 30 నిమిషాల వ్యాసాన్ని తీసివేసి, తరగతిలో జరిగే చర్చకు తన వంతు జవాబు రాసే 10 నిమిషాల ప్రశ్న పెట్టారు. ఈ ఏడాది, అంటే 2026 జనవరి నుంచి మార్పు ఇంకా పెద్దది. మాట్లాడే విభాగంలో విన్న వాక్యాన్ని తిరిగి చెప్పడం, ముందుగా ఆలోచించుకునే వ్యవధి లేకుండా ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబివ్వడం వచ్చాయి. చదివే, వినే విభాగాలలో విద్యార్థి చేసేదాన్ని బట్టి తరువాతి ప్రశ్నల స్థాయి మారుతుంది. స్కోరు 1 నుంచి 6 వరకు ఉండే కొత్త కొలతలో ఇస్తున్నారు. రెండేళ్ళపాటు పాత 120 లెక్కలో సమానమైన అంకె కూడా పక్కన ఉంటుంది. ఇంత మార్పు జరిగినా, పెరంబూరు స్టేషన్ దగ్గర గోడ మీద "90 రెడీమేడ్ ఆన్సర్లు" అన్న ప్రకటన మొన్న కూడా చూశాను. ఆ జవాబులు కొనుక్కునే పిల్లల మీద నాకు జాలి కలుగుతుంది.

ఆ అమ్మాయి ఆరు వారాలు సాధన చేసింది. నేను చెప్పింది చాలా కొద్ది. రోజూ తన చదువుకు సంబంధించిన ఏదైనా ఒక పుట చదవాలి, పుస్తకం మూసి ఏముందో ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి, దాన్ని తానే వినాలి, మరుసటి రోజు అదే విషయం మళ్ళీ చెప్పాలి. మొదటి వారం తన గొంతు తానే వినలేకపోయింది. రెండో వారానికి ఎక్కడ తడబడుతున్నదో తానే పట్టుకుంది: మాట దొరకని చోట ఆగి, దాని చుట్టూ తిరిగి చెప్పడం చేతకాక వాక్యం మొత్తం వదిలేస్తోంది. 'కల్వర్టు' అన్న మాట గుర్తు రాకపోతే 'రోడ్డు కింద నీళ్ళు పోయే దారి' అని ఇంగ్లీషులో చెబితే సరిపోతుందని తెలిసిన రోజు ఆమె ముఖం చూడవలసింది. వారానికి మూడు రోజులు కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్ళి చదువుకుంది, అక్కడ ఎవరూ రూపాయి అడగరు. పరీక్ష పెట్టే సంస్థలే తమ వెబ్‌సైట్లలో ఉచితంగా ఇచ్చే నమూనా ప్రశ్నలు చేసింది. డిసెంబరు మొదటి వారంలో మళ్ళీ రాస్తే మాట్లాడటంలో 23 వచ్చింది.

మళ్ళీ రాయక తప్పని వారికి ఉపయోగపడే విషయాలు కొన్ని ఉన్నాయి. మీ వ్యాసంలో అవి లేవు గనుక ఇక్కడ చెబుతున్నాను. గత రెండేళ్ళలో ఎన్నిసార్లు రాసినా ఒక్కో విభాగంలో వచ్చిన మేలైన స్కోరును కలిపి టోఫెల్ వారు ఒక మొత్తం చూపిస్తారు. కొన్ని విశ్వవిద్యాలయాలు దాన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. కంప్యూటరు మీద ఐఈఎల్‌టీఎస్ రాసినవారు తక్కువ వచ్చిన ఒక్క విభాగాన్నే తిరిగి రాసుకునే వీలు ఉంది. దీన్ని కూడా అందరూ అంగీకరించరు. ఇంట్లో కూర్చుని సుమారు గంటలో ముగించే డుయోలింగో ఇంగ్లీషు పరీక్షకు ఖర్చు చాలా తక్కువ. ఏది రాయాలో నిర్ణయించుకునే ముందు చేరదలచిన శాఖ వెబ్‌సైట్ చూసుకోవాలి. విశ్వవిద్యాలయం అడిగేది ఒకటి, శాఖ అడిగేది మరొకటి కావచ్చునని పై ఉదాహరణే చెబుతోంది.

ఇక పరీక్ష అవసరమే లేని చోట కూడా మన పిల్లలు రాస్తున్నారన్నది వేరే బాధ. డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివినట్టు కళాశాల ఇచ్చే మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్‌ను చూసి పరీక్ష మినహాయించే విశ్వవిద్యాలయాలు జర్మనీలోనూ, బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ కొన్ని ఉన్నాయి. బ్రిటన్‌లో కొన్ని చోట్ల పన్నెండో తరగతి ఇంగ్లీషు మార్కులే చాలు. ఈ అమ్మాయి దరఖాస్తు చేయాలనుకున్న వాటిలో ఒకటి అలాంటిదే. ఆ ఒక్క కాగితం కోసం తాను చదివిన కళాశాలకు మూడుసార్లు తిరిగింది. మొదటిసారి ఇచ్చిన దానిలో మాధ్యమం ఇంగ్లీషు అని ఒక్క వాక్యమే ఉంది, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు చదివిందో లేదు. రెండోసారి సంవత్సరాలు వేశారు గాని పేరు ఇనిషియల్‌తో రాశారు. పాస్‌పోర్టులో ఆ ఇనిషియల్ స్థానంలో తండ్రిగారి పేరు పూర్తిగా ఉంది. మూడోది సరిగా చేతికి వచ్చేసరికి 11 రోజులు గడిచి, ఆ విశ్వవిద్యాలయం గడువు దాటిపోయింది.

పేరు సంగతి మన తెలుగువారు ప్రత్యేకంగా గమనించాలి. ఆంధ్ర ప్రాంతంలో ఇనిషియల్ అంటే ఇంటిపేరు, ఇక్కడ చెన్నైలో తండ్రి పేరు. ఒకే ఇంట్లో అన్నకు ఒక పద్ధతి, చెల్లెలికి మరో పద్ధతి ఉన్న కుటుంబాలు నాకు తెలుసు. పరీక్షకు పేరు నమోదు చేసుకునేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నది అక్షరం పొల్లు పోకుండా ఇవ్వాలి, లేకపోతే పరీక్ష రోజు గుమ్మం దగ్గరే ఆపేయవచ్చు. కళాశాలలు ఈ సర్టిఫికెట్‌ను చదివిన సంవత్సరాలు, పాస్‌పోర్టు ప్రకారం పూర్తి పేరు, సంతకం చేసినవారి హోదా ఉండేలా ఒకే నమూనాలో తయారుచేసి, అడిగిన మూడు రోజుల్లో ఇవ్వడం కష్టమైన పని కాదు. దానికి కొత్త నిధులు అక్కరలేదు, కొత్త ఉద్యోగి అక్కరలేదు.

భాషా పరీక్ష అన్నది ఈ ఊరికి కొత్త కాదు. 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల వెలిసింది, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలోకి వచ్చే ఆంగ్ల యువకులకు తెలుగు, తమిళం వంటి దక్షిణాది భాషలు నేర్పి పరీక్షించడానికే. నుంగంబాకంలోని కాలేజీ రోడ్డుకు ఆ పేరు దానివల్లనే వచ్చింది. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌన్ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకుని, పరీక్ష నెగ్గి, 1820లో కడపకు ఉద్యోగానికి వెళ్ళారు. మూడేళ్ళపాటు ఒక గురువు, ఒక కళాశాల, నేర్చుకుంటున్నంత కాలం జీతం ఆయనకు ఉన్నాయి. కచేరీలో రైతు చెప్పుకునే మొర వినడానికీ, అర్జీ చదవడానికీ కావలసిన భాష అది, పరీక్షకూ పనికీ మధ్య దూరం లేదు. తరువాత ఆయన 1852లో నిఘంటువు అచ్చు వేసే దాకా వెళ్ళారంటే దానికి బీజం ఆ సావకాశమైన చదువులోనే పడింది. కాలేజీ రోడ్డు నుంచి జెమిని ఫ్లైఓవర్ పక్కనున్న అమెరికా కాన్సులేట్‌కు దూరం ఎంతో లేదు. ఆ దారిన ఫైళ్ళు పట్టుకుని వీసాకు వెళ్ళే మన పిల్లలను చూసినప్పుడల్లా, దొరలకు మూడేళ్ళు ఇచ్చిన ఊరు తన పిల్లలకు నెల రోజుల బట్టీతో ఎందుకు సరిపెడుతున్నదా అని మనసు చివుక్కుమంటుంది.

ఇంజనీరింగ్ కళాశాలల్లో ఇంగ్లీషు పాఠం చాలావరకు మొదటి ఏడాదితో అయిపోతుంది. విద్యార్థికి తన విషయంలో చెప్పడానికి ఏదైనా ఉండేది మూడో ఏడాదిలో, నాలుగో ఏడాదిలో. అప్పుడు వారానికి ఒక గంట కేటాయించి, ఇంగ్లీషు అధ్యాపకుడూ శాఖ అధ్యాపకుడూ కలిసి కూర్చుని, ఒక్కొక్క విద్యార్థి చేత తాను ల్యాబులో చేసినదీ ప్రాజెక్టులో చూసినదీ చెప్పించాలి, ప్రశ్నలు వేయాలి. తప్పు మాట్లాడితే నవ్వకుండా చివరి దాకా వినాలి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నాన్ ముదల్వన్ నైపుణ్య పథకంలో ఇటువంటి గంటకు చోటు కల్పించవచ్చు. విదేశాలకు వెళ్ళని పిల్లలకు కూడా ఉద్యోగ ఇంటర్వ్యూలలో పనికివచ్చేది ఇదే కదా. ఇంటి దగ్గర తల్లిదండ్రులు చేయగలిగింది కూడా ఉంది. ఇంగ్లీషు రాదని సంకోచించకుండా, "నీవు చదివేదేమిటో నాకు తెలుగులో చెప్పు" అని పిల్లలను అడగండి. సొంత భాషలో విడమరచి చెప్పగలిగినది ఇంగ్లీషులో చెప్పడానికి సగం దారి పడుతుందని నా అనుభవం.

మీ పత్రికకు నా విన్నపం ఒకటి ఉంది. విద్యా పుటలో కోచింగ్ ప్రకటనలు వేయడం మీ ఆర్థిక అవసరమని నాకు తెలుసు. అదే పుటలో ఏటా ఆగస్టు నెలలో, కోరిన విశ్వవిద్యాలయం మినహాయింపు ఇస్తుందో లేదో ఎక్కడ చూసుకోవాలి, సర్టిఫికెట్‌లో ఏమేమి ఉండాలి, ఆ ఏడాది పరీక్షలలో వచ్చిన మార్పులు ఏమిటి, ఉచిత నమూనా ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి అన్న వివరాలతో అర పుట కేటాయించండి. అమెరికా విశ్వవిద్యాలయాల గడువులు చాలావరకు డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తాయి కాబట్టి, నవంబరులో వచ్చే వ్యాసం పిల్లలను తొందరపెట్టి కోచింగ్ సెంటరుకు పంపడానికే పనికివస్తుంది. ఆగస్టులో వస్తే సాధనకు వారి చేతిలో కనీసం మూడు నెలలు ఉంటాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు,
పెరంబూరు, చెన్నై